పదకొండేళ్ల పొట్లం

సోమవారం, ఉదయం 9:10
నిర్ణయం: ఈరోజు నుంచి ఎవరికీ "రేపు రండి" అని చెప్పను. ఏ రోజు పని ఆ రోజే. ఈ కొట్లో నేను నగల కన్నా వాయిదాలే ఎక్కువ తయారు చేశానని మా ఆవిడ అభిప్రాయం.
వాళ్లమ్మ ఇచ్చిన ముత్యాల దుద్దుల్లో ఒకదాని శీల విరిగి పదకొండేళ్లయింది. జత సొరుగులో పొట్లంలో ఉంది. నగలు చేసేవాడి పెళ్లాం గిల్టు పెట్టుకు తిరుగుతోంది. ఆదివారం ఆవిడ చెల్లెలి పెళ్లి. ఈలోగా చేసిస్తానన్నాను. నవ్వింది. ఆ నవ్వే నచ్చలేదు.

11:40
బోణీ అదిరింది! ముఖ పరిచయం లేని ఒకావిడ తెగిన గొలుసు తెచ్చింది. ఇరవై నిమిషాల్లో అతికి, మెరుగు పెట్టి చేతికిచ్చాను.
"ఏడేళ్లుగా మా ఆయన్ని అడుగుతున్నానండీ" అంది.
ఎలాంటి మొగుడో, పాపం.

మంగళవారం, మధ్యాహ్నం 3:00
దుద్దు తీయబోయాను. ఎవరో ఉంగరం వదులు చేయమని వచ్చారు. ముందు బయటివాళ్ల పని. ఇంట్లోవాళ్లు ఎక్కడికి పోతారు?

బుధవారం
రేపు అనలేదు. ఎల్లుండి అన్నాను. నిర్ణయంలో ఎల్లుండి ఊసే లేదు.

గురువారం
పొట్లం విప్పాను. మంట తగిలితే ముత్యం పాడవుతుంది. ముందు ముత్యం ఊడదీయాలి. అదో పెద్ద పని. మళ్లీ కట్టేశాను. కట్టడం మాత్రం శ్రద్ధగా కట్టాను.

శుక్రవారం
ముగ్గురికి "సాయంత్రం" అని చెప్పాను. ఏ సాయంత్రమో వాళ్లు అడగలేదు. తప్పు నాదా?

శనివారం, సాయంత్రం 6:00
"అయ్యాయా?" అంది మా ఆవిడ.
"రేపు పొద్దున్నే..." నోరు జారింది. సొరుగు తీసి చూశాను. పొట్లం పదిలంగానే ఉంది.

ఆదివారం, ఉదయం 10:00, పెళ్లివారింట్లో
మా ఆవిడ చెవులకు ముత్యాల దుద్దులు!
"నిన్న పొద్దున మన ఎదురు నగల కొట్టాయనకిచ్చా. గంటలో చేసిచ్చాడు. మీ పొట్లంలో ఉన్నవి రెండు శనగగింజలు."
పదేళ్లుగా నాతో మాటల్లేని మనిషికా! తల కొట్టేసినట్టయింది.
"వాళ్లావిడే నాకీ ఉపాయం చెప్పింది. సోమవారం మీరు గొలుసు అతికిచ్చింది ఆవిడకే."

సాయంత్రం 5:30
ముత్యాలు మా ఆవిడకు ఎంత బాగున్నాయో! పదకొండేళ్లు ఆ ముఖానికి అవి లేకుండా చేసింది నేనే. సిగ్గేసింది.
నిర్ణయం మళ్లీ మొదలు. ఈసారి ముందు ఇంటి పనే. ఆవిడ ఉంగరంలో రాయి ఊగుతోంది. ఇప్పుడే బిగిస్తాను, ఇటివ్వమని చెయ్యి చాపాను.
"రేపు రండి" అంది.