ఎడమవైపు కారు

గోదావరిఖని,
14 మే 2007

సుజితా,

ప్రభువు నీకు తోడుగా ఉండాలి. ఫోన్లో నేను "ఊ" అనడం తప్ప ఇంకేమీ అననని నువ్వన్న మాట నిజమే. అందుకే రాస్తున్నాను. కాగితం మీద "ఊ" అని రాసి పంపలేం కదా.

ఈస్టర్ కాగానే శ్రీరాంపూర్‌లో మీ అమ్మ దగ్గరికి వెళ్లావు. అక్కడి బడిలో టీచరుగా రమ్మంటున్నారనీ, జూన్‌లో బడులు తెరిచేలోపు అక్కడే చేరాలో ఇక్కడికి రావాలో తేల్చుకుంటాననీ అన్నావు. "మీరు గనిల మాట్లాడరు, ఇంట్ల మాట్లాడరు. గోడతోటి కాపురం చేసినట్టున్నది" అని కూడా అన్నావు. వేరే సంగతి ఒకటి ఉంది, అది చెప్తాను.

పెళ్లయిన కొత్త నుంచీ ఒకే కీబోర్డు మీద మనిద్దరం ఆడిన రెండు కార్ల ఆట గుర్తుంది కదా. ఎడమవైపు ఎర్ర కారు నీది, కుడివైపు నీలం కారు నాది. మార్చిలో పాత కంప్యూటర్ బోర్డు కాలిపోయాక ఆ ఆట ఫ్లాపీలోనే ఉండిపోయింది. మొన్న ఖర్చుల పద్దు రాసుకున్నాక, నువ్వెళ్లాక కొన్న కొత్త కంప్యూటర్‌లో పెట్టి చూశాను. నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుని వెంటనే మూసుకుపోయింది. ఎందుకు మూసుకుందో తెలుసుకోవాలనిపించింది.

వెతికితే, "పాత విండోస్‌లో ఉన్నట్టు నడువు" అని చెప్పే చోటు ఒకటి దొరికింది. అది నొక్కితే ఆట వచ్చింది. శబ్దం లేదు. కార్లు మాత్రం నేను వేలు కదిపేలోగా గోడకు కొట్టుకున్నాయి. ఎన్నిసార్లు పెట్టినా అంతే.

డ్యూటీలో, గనిలో నీళ్లు తోడే పంపు పక్కన కూర్చుని అదే ఆలోచించాను. ఆ ఆటకు సొంత గడియారం లేదు. కంప్యూటర్ ఎంత వేగంగా లెక్కపెడితే కార్లు అంత వేగంగా పోతాయి. రాసినవాడు ఆనాటి కంప్యూటర్ల నెమ్మదిని నమ్ముకుని రాశాడు. ముందు ముందు వచ్చేవి ఇంత ఉరుకుతాయని అతనికి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఇంటికొచ్చి మళ్లీ ఆట ముందు కూర్చుంటే, పక్క క్వార్టర్ గట్టయ్యన్న వచ్చి కాసేపు నిలబడి చూశాడు.

"ఏం చేస్తున్నవ్ శాంతిరాజ్?"

"కారు నెమ్మదిగ పోవాలె అన్నా."

"బొమ్మ కారు కోసం గింత తండ్లాటనా? శ్రీరాంపూర్ బస్సెక్కు. పోయి మనిషిని తోలుకరారాదు."

నేను ఆట మళ్లీ మొదటినుంచి పెట్టాను.

"నీతోటి మాట్లాడే కన్న నీ పంపుతోటి మాట్లాడుడు నయం. అదన్న గుర్రుమంటది" అని చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఇట్లు,
శాంతిరాజ్


గోదావరిఖని,
26 మే 2007

సుజితా,

ఎండ బాగా ముదిరింది. నువ్వు మధ్యాహ్నం బయటికి వెళ్లడం లేదనుకుంటాను.

ఆట నడిచింది. కొత్త కంప్యూటర్ లోపల ఒక పాత కంప్యూటర్ ఉన్నట్టు నటించే ప్రోగ్రాం ఉంది. డాస్‌బాక్స్ అంటారు. నెట్ సెంటర్‌లో దించి సీడీ మీద రాయించుకున్నాను. వివరమంతా ఇంగ్లిషులో ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. కంట్రోల్ పట్టుకుని ఎఫ్ పదకొండు నొక్కితే వేగం కొంచెం తగ్గుతుంది, ఎఫ్ పన్నెండు నొక్కితే పెరుగుతుంది. శబ్దం కూడా వచ్చింది, అదే కీచు శబ్దం.

కానీ మన పాత కంప్యూటర్‌లో అది ఎంత వేగంతో నడిచేదో ఎలా తెలుసుకోవడం? ఎక్కడా రాసి లేదు. చేతికే తెలియాలి. అందుకని రెండు కార్లూ నేనే నడిపాను. కుడి చేత్తో నాది, ఎడమ చేత్తో నీది. తగ్గిస్తూ, పెంచుతూ, నా కారు నాకు తెలిసినట్టు పోయేదాకా వచ్చాను. అప్పుడు కూడా నీ కారు ప్రతిసారీ వంతెన దాటాక వచ్చే మలుపులో గోడకు తగులుతోంది. వేగం సరిగానే ఉంది. నీ కారు అక్కడ ఎలా తిరిగేదో మాత్రం నాకు తెలియదు. ఇన్నేళ్లు నీ పక్కనే కూర్చుని నీ చేతుల వైపు ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు తెలిసింది.

నువ్వు అక్కడే చేరతానంటే అడ్డు చెప్పకూడదని మొదటే అనుకున్నాను. నాలాంటి వాడితో ఎవరికైనా విసుగే. అడ్డు చెప్పకపోవడమే మర్యాద అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఆ మలుపు నువ్వెలా తిప్పేదానివో నాకు తెలియాలి. రాసి పంపినా సరే. వచ్చి చూపిస్తే ఇంకా బాగుంటుంది.

నీ
శాంతిరాజ్


శ్రీరాంపూర్,
1 జూన్ 2007

ప్రియమైన మీకు,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది అమ్మకు చదివి వినిపించాను. "అల్లుడు కారు గురించి గింత రాసిండు గని, నువ్వు మంచిగున్నవా అని ఒక్క ముక్క రాయకపాయె" అంది. రెండోది వినిపించలేదు.

ఆ మలుపు నేనెప్పుడూ వేగంగా తిప్పలేదు. అక్కడ కారు ఆపేసేదాన్ని. మీరు దాటిపోయాక మెల్లగా కదిలించేదాన్ని. కొత్తలో రెండుసార్లు మీ కారు గోడకు తగిలి నేను గెలిచాను. ఆ రెండు రోజులూ మీరు మంచినీళ్లు తాగి పడుకున్నారు. మీరు గెలిచిన రోజు మాత్రం మాటలు వచ్చేవి. మలుపు ఎలా తిప్పారో చెప్పడం మొదలుపెట్టి, కమాన్‌పూర్ దారిలో సైకిల్ నేర్చుకున్న సంగతికీ, మొదటిసారి గనిలోకి దిగిన రోజు మీకు కాళ్లు వణికిన సంగతికీ వెళ్లేవారు. మీ గురించి నాకు తెలిసిందంతా అలా తెలిసిందే. నిజానికి నాకా ఆట ఇష్టం లేదు. ఆ కీచు శబ్దానికి తలనొప్పి వచ్చేది.

మార్చిలో కంప్యూటర్ పోయింది, దాంతో మాటలూ పోయాయి. ఆ సంగతి మీకు తెలియదని నాకు తెలుసు. చెబితే, అడిగి మాట్లాడించుకున్నట్టు ఉంటుందని ఊరుకున్నాను.

కానీ ఈ ఉత్తరాల్లో మీరు గెలిచిందేమీ లేదు. గోడకు కొట్టుకున్న కారు గురించే ఇంత రాశారు. ఆ రెండో ఉత్తరాన్ని పది సార్లు చదువుకున్నాను.

బడివాళ్లకు రానని చెప్పేశాను. సోమవారం పొద్దటి బస్సుకు బయలుదేరుతున్నాను. ఆట అలాగే ఉంచండి, శబ్దం మాత్రం తీసేయండి. ఆ మలుపు వేగంగా ఎలా తిప్పాలో నాకూ తెలియదు, నేర్చుకోవాలి. ఈసారి మీ కోసం కారు ఆపను. నేను గెలిచాక మీరేం మాట్లాడతారో వినాలని ఉంది.

మీ
సుజిత