కేరాఫ్ స్యోంబువా

అమ్మా,
రేడియోలో కూల్చివేతల వార్త విని కంగారు పడకు, నేను క్షేమం. నైరోబీలో నేను అద్దెకున్న సందు మీద రాసిన నవల అచ్చయింది కదా, మా ఇంటామె స్యోంబువా అక్కకు ఇద్దామని నిన్న వెళ్లాను. అక్కడ సందే లేదు! కొత్త రోడ్డు కోసమని ఇళ్లన్నీ నేలమట్టం చేశారు. అక్క రేకుల కుప్ప మీద కూర్చుని ఉంది.

"కథ తర్వాత చదువుతాలే పిల్లా. నేనిక్కడ ఇరవై ఏళ్లున్నానని ఇందులో ఉందా? ఆఫీసరు కాగితం చూపించమంటున్నాడు" అంది.

నవల కదా అని ఆమె పేరూ, సందు పేరూ మార్చి రాశానమ్మా!

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? ఆ ఇంటి నుంచి నీకు రాసిన ఉత్తరాలన్నీ వెంటనే పంపించు. పంపినవారి చిరునామాలో కేరాఫ్ అని ఆమె అసలు పేరు వాటి మీదే ఉంది. తాతయ్యకు దణ్ణాలు.

నీ అపోండి