పడమటి గోడ

2024 ఫిబ్రవరి 12

డోన్‌లో సైట్ చూశాను. వెడల్పు పద్నాలుగు అడుగులు, పొడవు యాభై ఎనిమిది. రెండు పక్కలా మూడంతస్తుల మేడలు. ముఖం పడమరకు. ఓనర్ శివప్రసాద్ గారికి మార్కెట్ వీధిలో చీరల అంగడి ఉంది. ఇంట్లో ఆయన, భార్య శ్రీవాసవి, తల్లి నాగేంద్రమ్మ. పిల్లలు హాస్టల్లో ఉంటారు. ముందు వచ్చిన ముగ్గురు ఇంజనీర్లూ ఇక్కడ గోడౌన్ కట్టుకోవచ్చు గానీ ఇల్లు కుదరదన్నారట.

నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. ఒసాకాలో ఆర్కిటెక్టు మొరితా గారి ఆఫీసులో రెండేళ్ళు నేను గీసినవన్నీ ఇలాంటి స్థలాలే. కర్నూలుకు తిరిగొచ్చి మూడేళ్ళు. ఇన్నాళ్ళూ కాంపౌండ్ గోడలు, కల్యాణ మండపాలకు ఆర్చిలు. ఇప్పటికి ఒక సైట్ దొరికింది.

ఫిబ్రవరి 20

శివప్రసాద్ గారు ఫోన్లో ఒక ఇంటి ముందుభాగం ఎలివేషన్ చూపించారు. గుమ్మటం, బంగారు రంగు రెయిలింగు, గేటుకు రెండు సింహాలు. అలాంటిది కావాలట.

నేను ఒసాకా ఇళ్ళు చూపించాను. సున్నం, రంగు లేని కాంక్రీటు గోడలు. వీధికి కిటికీ ఉండదు. ఇంటి నడుమ మూడో వంతు ఆకాశానికి వదిలేస్తారు. ముందు గదిలోంచి వంటింట్లోకి పోవాలంటే ఎండలోంచో వానలోంచో దాటాలి. ఆయన చాలాసేపు చూసి, ఇవి పని పూర్తయ్యాక తీసిన ఫొటోలా, మధ్యలో తీసినవా అని అడిగారు. నాగేంద్రమ్మ గారు తొంగి చూసి "జపానోళ్ళకు సున్నం దొరకదా ఏమమ్మా?" అన్నారు.

నవ్వాను. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

శ్రీవాసవి గారు మాత్రం ఒక్క ఫొటో దగ్గర ఆగిపోయారు. "ఇంట్లోనే ఆకాశం ఉంటాదా మేడమ్?" అని అడిగారు. ఉంటుందన్నాను. ఆవిడ భర్త వైపు చూశారు. నాకు పని దొరికింది ఆ చూపు వల్లే.

ఫిబ్రవరి 27

వాస్తు ఆయన వచ్చారు. నేను గాలి, వెలుతురు, వాల్యూమ్ అంటూ నలభై నిమిషాలు మాట్లాడాను. ఆయన ప్లాను మధ్యలో వేలు పెట్టి, బ్రహ్మస్థానం ఖాళీగా ఉంది, భేష్ అన్నారు. అంతే, అప్రూవ్డ్.

ఒప్పుకున్నందుకు కూడా ఇంత కోపం రావచ్చని నాకు తెలియదు.

మార్చి 4

నాగేంద్రమ్మ గారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేరు. కాబట్టి కింది ముందుగది ఆవిడది. వీధి వైపు కిటికీ కావాలన్నారు. కుదరదన్నాను. దుమ్ము, లారీల మోత, పైగా ఆ గోడ మొత్తం ఒకే పలకలా నిలబడితేనే డిజైన్. వెలుతురు ఇంటి నడుమ ఆకాశానికి వదిలిన కోర్టులోంచి వస్తుందని చెప్పాను.

"వీధి కనపడకపోతే పొద్దు ఎట్ల పోతాదమ్మా నాకు?"

శివప్రసాద్ గారు తల్లికి సర్ది చెప్పారు. "మేడమ్ శానా చదువుకున్నారు. ఆయమ్మకు తెలుస్తాదిలేమ్మా."

గెలిచాను.

జులై 18

పడమటి గోడ రెండోసారి పోయింది. కాంక్రీటు పోసిన షట్టరింగ్ చెక్కలు విప్పితే తేనెపట్టులా బొక్కలు. పగలగొట్టమన్నాను. మేస్త్రీ ఉరుకుందప్ప నలభై ఏళ్ళుగా గోడలు కడుతున్నాడు. ఎవరూ ఆయనతో గోడ పగలగొట్టించలేదట. బీడీ పారేసి సమ్మెట అందుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆగస్టు 9

నాలుగు రోజులు నేను లేను. వచ్చి చూస్తే మెట్ల పక్క గోడకు నున్నగా సిమెంటు పూత! మూడు నెలలు ప్లైవుడ్డుకు నూనె రాసి, అతుకులు లెక్కపెట్టి, తెచ్చుకున్న కాంక్రీటు మీద పూత!

అరిచాను. ఉరుకుందప్ప తలెత్తి, "ఈ గోడ నేను కట్టినానని ఊరంతా తెలుసు మేడమ్. పూత లేకుండ ఇడిస్తే నా మర్యాద ఏం కావల్ల?" అన్నాడు.

పూత గీకించాను. ఆ గోడకు గీతలు మిగిలిపోయాయి.

నవంబర్ 22

పడమటి గోడ వచ్చింది. మూడోసారికి. మడత విప్పిన పట్టుచీరలా ఉంది. ఉరుకుందప్ప కూడా అరచేత్తో నిమిరి చూశాడు.

2025 ఫిబ్రవరి 7

గృహప్రవేశం. చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు పూత పని ఎప్పుడు మొదలుపెడతారని అడిగారు. శివప్రసాద్ గారు ఇది జపాన్ మోడల్ అని అందరికీ చెప్పి చెప్పి అలిసిపోయారు. మధ్యాహ్నానికి "త్వరలో" అనడం మొదలుపెట్టారు. నేను విన్నాను.

మార్చి 21

ఢిల్లీ నుంచి ఒక ఆర్కిటెక్చర్ పత్రిక మెయిల్. ఆరు పేజీలు ఇస్తారట. ఫొటోగ్రాఫర్‌ను వాళ్ళే పంపుతారు. మూడుసార్లు చదువుకున్నాను. నా పేరు స్పెల్లింగ్ కూడా కరెక్టుగా రాశారు.

ఏప్రిల్ 9

రేపు షూట్. ఇల్లు ఎలా ఉందో చూద్దామని డోన్ వెళ్ళాను. ఆటో దిగి నమ్మలేకపోయాను. పిట్టగోడ మీదనుంచి కింది దాకా గోడ నిండా తడి గోనెపట్టాలు. బియ్యం సంచులు విప్పి కుట్టినవి. నీళ్ళు కారి కాంక్రీటు మీద చారలు పడ్డాయి.

గది కాలిపోతోందని శ్రీవాసవి గారు కుట్టి వేలాడదీశారట. నాగేంద్రమ్మ గారికి ఏసీ పడదు, మోకాళ్ళు పట్టేస్తాయి. గోనెలు తడిపితే కాస్త ఊపిరాడుతోందట. రోజుకు నాలుగుసార్లు తడుపుతున్నారట. నా గోడను!

శ్రీవాసవి గారు ఊళ్ళో లేరు. ఒంటిమిట్ట కల్యాణానికి బంధువులతో ముందే వెళ్ళారు. శివప్రసాద్ గారితో, ఫొటోలు అయ్యేదాకా తీసేయమని చెప్పాను. ఆయన గోనెల వైపు చూసి, సరే మేడమ్ అన్నారు. తనే నిచ్చెన వేసుకుని తీశారు.

ఏప్రిల్ 10

ఫొటోగ్రాఫర్ రాలేదు. పదమూడున వస్తాడట. గోనెలు మళ్ళీ కట్టి మళ్ళీ విప్పితే చారలు ఆరవు. కట్టకుండా అలాగే ఉంచమన్నాను.

ఏప్రిల్ 13, మధ్యాహ్నం 2:50

నలభై రెండు డిగ్రీలు. ఫొటోగ్రాఫర్ పనిమంతుడు. కోర్టు ఖాళీగా కావాలన్నాడు. నాగేంద్రమ్మ గారి నులకమంచం, నీళ్ళ బిందె, మందుల డబ్బా అన్నీ గదిలోకి సర్దాం. గది తలుపు మూసి ఉంటేనే ఫ్రేము శుభ్రంగా వస్తోంది. ఒక్క గంట లోపల ఉంటారా అని ఆవిడను అడిగాను.

"పోనీలేమ్మా, నీ పని చూసుకో."

ఏప్రిల్ 14, కర్నూలు, ఆసుపత్రి

ఒక్క గంట కాదు. మూడున్నర గంటలు.

సాయంత్రపు ఎండ గోడ మీద పడేదాకా ఆగాలన్నాడు ఫొటోగ్రాఫర్. పడింది. గోడ తేనెరంగుకు తిరిగింది. నేను కళ్ళు తుడుచుకున్నాను కూడా. ఆరు దాటాక శ్రీవాసవి గారు ఒంటిమిట్ట నుంచి ప్రసాదం సంచితో వచ్చి, అత్త ఎక్కడని అడిగారు. శివప్రసాద్ గారు అంగడిలోనే ఉన్నారు. ఫొటోగ్రాఫరూ నేనూ కెమెరా తెర మీద ఫొటోలు చూసుకుంటున్నాం.

గది తలుపు తీస్తే నాగేంద్రమ్మ గారు నేల మీద ఉన్నారు. పిలిస్తే కళ్ళు తెరవలేదు. ఒళ్ళు పెనంలా ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

అంబులెన్సులో శ్రీవాసవి గారు తడిగుడ్డతో తుడుస్తూనే ఉన్నారు. ఉదయం డాక్టరు వచ్చి, వడదెబ్బ, ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని అన్నాడు. శివప్రసాద్ గారు "గోనెపట్టాలు నేనే తీసినా కదా" అని గోడకు చెప్తున్నట్టు చెప్పుకుంటున్నారు.

తీయించింది నేను. ఆ మాట ఆయనతో అనాలి.

ఏప్రిల్ 15

ఆవిడ కళ్ళు తెరిచారు. నీళ్ళడిగారు.

ఏప్రిల్ 16

శివప్రసాద్ గారితో చెప్పాను. తప్పు నాదని. ఆయన తల ఊపారు. కాదనలేదు.

ఏప్రిల్ 18

శ్రీవాసవి గారు ఫోన్ చేశారు. పోలీసులంటారని, లాయరంటారని అనుకున్నాను. అత్తను నంద్యాలలో ఆడబిడ్డ ఇంటికి పంపారట. ఇక ఈ ఇంటికి రానన్నారట. తర్వాత చాలా మామూలుగా అడిగారు: "ఒక పగలు ఆ గదిలో ఉండండి మేడమ్. తలుపు ఏసుకోని. నేను బయటే ఉంటా, పిలిస్తే పలుకుతా."

ఏప్రిల్ 20

12:15. గదిలో ముప్పై ఏడు. పర్వాలేదు.

1:40. పడమటి ఎండ ఇంకా సరిగ్గా తగల్లేదు. చొక్కా తడిసింది. కూర్చోడానికి ఒకటే చోటు, మంచం. చూడ్డానికి ఏమీ లేదు. నాలుగు గోడలు, నా కాంక్రీటు. దాని మీద బుడగల గుర్తులు లెక్కపెట్టాను.

3:30. గోడకు అరచెయ్యి ఆనించలేకపోయాను.

4:50. ఏడుపొస్తోంది. భయంతో కాదు, కోపంతో. ఎవరి మీదో తెలియడం లేదు. తెలుస్తోంది.

5:45. బయట చల్లబడుతోంది, తలుపు సందులోంచి తెలుస్తోంది. గది ఇంకా వేడెక్కుతోంది. పగలంతా తాగిన ఎండను గోడ ఇప్పుడు లోపలికి వదులుతోంది. తొమ్మిది అంగుళాల కాంక్రీటు చేసే పని ఇదేనని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పరీక్షలో రాసి ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను.

మొరితా గారు మొదటి వారమే చెప్పారు. ఇంటికీ బయటికీ మధ్య ఒక్క గీత గీసి ఊరుకోవద్దని. పల్చటి పొరలు నాలుగైదు వేయమని. వేలాడే తడక, దాని వెనక వసారా, దాని వెనక జరిపే తలుపు, దాని వెనక కాగితపు తెర. ఎండ ఒక్కో పొర దగ్గర కాస్త కాస్త ఓడిపోతుంది. మా ఆఫీసులో కట్టిన కొత్త ఇళ్ళన్నీ, గాజు ఇళ్ళు కూడా, ఆ లెక్కమీదే నిలబడ్డాయి. నేను అక్కడినుంచి లెక్క తెచ్చుకోలేదు. ఫొటోలు తెచ్చుకున్నాను.

ఇక్కడ ఆ పొర వేసిన మనిషి ఒక్కరే. బియ్యం సంచులు కుట్టి. దాన్ని నేను విప్పించాను.

6:10. తలుపు తీశాను. శ్రీవాసవి గారు మజ్జిగ ఇచ్చారు. నేను కాగితం అడిగాను.

ఏప్రిల్ 24

గోడకూ రోడ్డుకూ మధ్య వదిలిన ఐదడుగుల సెట్‌బ్యాక్ ఖాళీగా ఉంది. గోడకు అడుగున్నర దూరంలో బేతంచెర్ల బండలు నిలువుగా, కాస్త ఏటవాలుగా, సందులు వదిలి. ఎండ బండల మీద ఆగాలి, గాలి మధ్యలో పైకి పోవాలి. మిద్దె మీద తెల్ల సున్నం. కోర్టు మీద తీగకు జరిపే వట్టివేళ్ళ తడక. గోడకు కిటికీ, నాలుగడుగుల వెడల్పు, మంచం ఎత్తుకు.

డ్రాయింగ్ శ్రీవాసవి గారికి చూపించాను. ఆవిడ తడక తాడును ఇటువైపు మార్చమన్నారు. అటువైపైతే వంటింట్లోంచి చెయ్యి అందదు. మార్చాను.

ఏప్రిల్ 29

స్ట్రక్చరల్ ఇంజనీర్ జయపాల్ గోడ చూసి, కొయ్యొచ్చు, పిల్లర్లకు భయం లేదన్నాడు. ఉరుకుందప్ప కొయ్యనన్నాడు.

"రెండు తూర్లు పగలగొట్టించి మూడోతూరికి కట్టిస్తివి. ఇప్పుడు ఢిల్లీ పత్రికోళ్ళు కూడా వచ్చి చూసిపోయినారు. నా చేత్తో కొయ్యలేను మేడమ్."

పూత వేసిన మనిషే ఇతను! కర్నూలు నుంచి కట్టింగ్ మెషీన్ తెప్పించాను. కోస్తున్నంతసేపూ ఉరుకుందప్ప రోడ్డువైపు తిరిగి నిలబడ్డాడు. నేను చూశాను. చూడాలనిపించింది. ముక్క కింద పడ్డప్పుడు పక్కింటివాళ్ళు బయటికొచ్చారు.

తర్వాత బండలు నిలబెట్టే పని ఆయనే మొదలుపెట్టాడు, ఎవరూ చెప్పకుండా.

మే 8

పత్రికకు జరిగింది రాశాను. ఆ ఫొటోలు వేయొద్దన్నాను. వెబ్‌సైట్‌లో ఈ ఉదయమే వచ్చేశాయట. "ఎండతో మాట్లాడే గోడ" అని హెడ్డింగు. పుణె నుంచి ఎవరో స్టూడెంట్ కింద కామెంట్లో, ఇంత నిశ్శబ్దం ఎలా సాధించారు మేడమ్ అని అడిగాడు.

లోపల ఒక మనిషిని పెట్టి తలుపు మూశానని జవాబు రాశాను. జోక్ అనుకున్నాడు. నవ్వు బొమ్మ పెట్టాడు. అప్పుడు మొత్తం రాశాను. దానికి ఎవరూ బొమ్మ పెట్టలేదు.

మే 12

నంద్యాల వెళ్ళాను. నాగేంద్రమ్మ గారు సన్నబడ్డారు. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆవిడ ముందు కూర్చుని అవన్నీ వదిలేశాను. తలుపు మూయించింది నేనే అన్నాను.

"నాకు తెలీదా? నేనూ ఇంట్లోనే ఉంటి కదా" అన్నారు.

కూతురు లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించారు. "నిన్ను పిలుద్దామనుకుంటి. తలుపు ఏసేముందు నువ్వు ఆ గోడను చూస్తాంటే, నా మనవరాలు రంగులరాట్నం చూసినట్ల ఉండాది నీ మొగం. సరేలే, ఇంకొంచెంసేపు అనుకుంటి. అంతలో కళ్ళు తిరిగినాయి."

ఇది వినకుండా ఉంటే బాగుండేది. వినడం మంచిదే అయింది కూడా.

కిటికీ పెట్టామని చెప్పాను. వస్తారా అని అడిగాను. "చూద్దాం" అన్నారు. ఆ చూద్దాం అంటే రాననే.

మే 15

బండల పని అయింది. గదిలో మధ్యాహ్నం మూడింటికి ముప్పై మూడు. థర్మామీటర్ తప్పేమోనని ఇంకోటి కొన్నాను. ముప్పై మూడే. ఎవరికీ ఫోన్ చేయలేదు.

మే 21, మధ్యాహ్నం 3:20

నాగేంద్రమ్మ గారు వచ్చారు. చెప్పకుండా, బస్సులో, ఒక్కరే. శ్రీవాసవి గారు ఫోన్ చేస్తే కారు తీసి పరిగెత్తాను. బయట నలభై ఒకటి.

నేను చేరేసరికి ఆవిడ కోర్టులో మంచినీళ్ళు తాగుతున్నారు. చెంబు పెట్టేసి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. శివప్రసాద్ గారు, శ్రీవాసవి గారు, ఉరుకుందప్ప, నేను కోర్టులో నిలబడ్డాం. పది నిమిషాలు. ఇరవై. శివప్రసాద్ గారు తలుపు తట్టబోయి ఆగారు.

లోపలినుంచి గురక వినిపించింది.

శ్రీవాసవి గారు చప్పుడు కాకుండా చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. మేమూ విప్పాం.