వెనక బయలుదేరినవాడు

తమ్ముడూ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. చీకటి పడగానే మీ బావ నన్ను బలవంతంగా నువ్వు పత్తి తొక్కిన జిన్నింగు మిల్లు ఆవరణకు తీసుకెళ్లాడు. తెర కట్టి రష్యావాళ్ల సినిమా వేస్తున్నారు. అందులో ఎవరు కనిపించారో తెలుసా? నీ గోడ మీది మనిషి!

కిరాణా పొట్లాల కాగితాల్లో అతని బొమ్మ దొరికినప్పుడల్లా అంటించేవాడివే, అతనే. కాళ్లకు పొడుగాటి చెక్కలు, చుట్టూ తెల్లటి గుట్టలు, ఓ బొమ్మలో మెడలో పతకం. రాతలు మనకు రాని భాషవి. "అక్కా, గీయన గూడ నా లెక్క పత్తి తొక్కేటోడే," అన్నావు. పత్తి కుప్పల మధ్య పెరిగినదాన్ని, నేనూ నమ్మాను.

అది పత్తి కాదురా, మంచు! అతను కజకిస్తాన్ మనిషట. మీసాలు గడ్డకట్టాయి. రొప్పుతూ గుట్టలెక్కి, పందెంలో అందరికన్నా ముందు గీత దాటాడు. నేను లేచి, "గెలిచిండు!" అని అరిచాను.

తెర పక్కన నిలబడి కథ చెబుతున్నాయన నవ్వాడు. "గెలువలేదమ్మా. అందరి కన్న ముందు బయలెల్లిండు, గందుకే ముందొచ్చిండు. ఒక్కొక్కల్ల ఆగి ఆగి ఇడుస్తరు. ఎనుక బయలెల్లినా సరే, తక్కువ సేపట్ల చేరినోడే గెలిచినట్టు."

ఉన్నచోటే కూర్చున్నాను.

నిన్ను చంకనేసుకుని పెంచినదాన్ని. నా తర్వాత ఎన్నేళ్లకో పుట్టి, ఎంత తక్కువ సేపట్లో చేరిపోయావురా!

ఈ పందెం మనకు ఎవరు పెట్టారు?

మీ అక్క