పరుపులు బయట వెయ్యకండి

అత్తయ్యగారూ,

ఎండ బాగుంది కదా అని పరుపులు బాల్కనీలో ఆరేయకండి. ఇవాళ గాలిలో తుమ్ములు తెప్పించే సుగి చెట్ల పుప్పొడి విపరీతంగా ఉందని టీవీలో చెప్పారు. ఎండ వాసన లేని పరుపు మీద మీకు నిద్ర పట్టదని తెలుసు. ఈ ఒక్క నెలా ఓర్చుకోండి. బయటికెళ్తే కోటు గుమ్మం బయటే దులిపి లోపలికి రండి.

నిన్న మా బడిలో చదువు ముగించి వెళ్లిపోయే ఆరో తరగతి పిల్లల వీడ్కోలు వేడుకకి గంటసేపు పియానో వాయించాను. ఒక్క తుమ్ము రాలేదు. పోయినేడు తుమ్ములతో పాట మధ్యలో ఆపేసింది నేనే. ఈసారి జనవరిలోనే మాత్రలు మొదలుపెడితే, "జబ్బు రాకుండానే మందేమిటే, విడ్డూరం కాకపోతే" అన్నారు. ఇప్పుడనండి.

మా తరానికి ఒంట్లో సత్తువ లేదని పదేళ్లుగా వింటున్నాను. పొద్దున మామయ్యగారి పటం ముందు కూర్చుని మీరు పదకొండు సార్లు తుమ్మారు. అగరొత్తి పొగ అనకండి. అప్పటికింకా వెలిగించనే లేదు.

నాలుగింటికి డాక్టర్ ఓనుకిగారి దగ్గర మీ పేరు రాయించాను. వెళ్లండి.

చిహారు

మాస్కులు చెప్పుల అర మీదున్నాయి. మీ మొహానికి సరిపోయే చిన్నవి. పోయిన నెలలోనే కొనిపెట్టాను.