రష్యా ఆయన మీద నేనేసిన జోకు

మంగళవారం, రాత్రి

ఒళ్ళూ అలిసింది, నోరూ అలిసింది. ఈ నోటి వల్లే ఇవాళ మనవరాలు ఝాన్సీ అన్నం మధ్యలో లేచిపోయింది.

పొద్దున్న ఖరిదా బజారు నుంచి రుయి చేప తెచ్చాను. ఝాన్సీ ఒక పొలుసు కడిగి, వెలుతురుకి పట్టి, దాని మీది గీతలు లెక్కపెట్టి, "తాతా, దీనికి మూడేళ్ళు" అంది. రష్యాలో ఒకాయన ఇలాగే చేపల వయసు చూస్తూ, నది ఒడ్డున గుడిసెలో ఉండి, అడవి మీద పుస్తకాలు రాశాడట. తనూ చేపల చదువే చదువుతానంటోంది. వాళ్ళ నాన్నేమో రైల్వే పరీక్షకి కట్టమంటున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర వాడు నన్నే అడిగాడు.

"నువ్వేటంటావు నాన్నా?"

చదవనీరా అంటే సరిపోయేది. రైల్వే వర్క్‌షాపులో పనిచేసినన్నాళ్ళూ అందర్నీ నవ్వించిన నోరు ఊరుకుంటుందా?

"ఆ రష్యావోడు పెళ్ళి కూడా సేపనే సేసుకున్నాడేటే?" అన్నాను.

అందరూ నవ్వారు. "సూసినావా, తాత కూడా ఎగతాళి సేస్తన్నాడు. రేపు ఫారం నింపీ" అని కొడుకు తేల్చేశాడు.

ఝాన్సీ నవ్వలేదు. "నువ్వొక్కడివైనా నా పక్కనుంటావనుకున్నాను తాతా" అని లేచిపోయింది.

ఇందాక కొడుకు దగ్గరికెళ్ళాను. "ఒరే, పిల్లని సదవనీరా. నిజంగానే సెప్తన్నాను."

వాడు పగలబడి నవ్వాడు. "ఠీక్ హై నాన్నా, ఇంక పడుకో."

మళ్ళీ చెప్పాను. ఇంకా నవ్వాడు.

రేపు వాడు టీ తాగకముందే చెబుతాను. ఆ వేళప్పుడు వాడికి దేనికీ నవ్వు రాదు.