బావగారి లావు చువ్వలు

బావగారికి నమస్కారాలు.

నేను క్షేమం. నేను కట్టింది క్షేమం కాదు, అదే శుభవార్త.

మీ యార్డులో అచ్చు పోసి పంపిన స్తంభాన్నీ దూలాన్నీ నిన్న ఊపుడు బల్ల మీద బిగించి ఉత్తుత్తి భూకంపం తెప్పించాం. ఇలా విడి ముక్కలు అచ్చు పోసి అతికే ప్రీకాస్ట్ ఇళ్ళలో ముక్కలు గట్టివే, ముప్పంతా అతుకుల దగ్గరే. ఆ అతుకులు చూడడమే కదా నా పని. ఊపు మొదలవగానే అతుకు నోరు తెరిచింది, మూసుకుంది. లోపలి చువ్వలు సాగి, వంకర్లు పోయి, ఎందుకూ పనికిరాకుండా అయ్యాయి. సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. వచ్చే నెల రెండంతస్తుల నమూనా కూడా ఇలాగే అయితే ఉద్యోగం పర్మనెంటు చేస్తారట. లేకపోతే ఇంటికే.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: పెద్దసారు నన్ను చూసి తలూపారు. అప్పటికి నేల కూడా ఊగుతోంది కాబట్టి అది మెచ్చుకోలో కాదో తేలలేదు.

*

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాక ముద్ద దిగలేదు. నోరు తెరిచిందట, చువ్వలు వంకర్లు పోయాయట, పైగా సంతోషమట. దుఃఖం దిగమింగుకుని మాకోసం నవ్వుతూ రాశావని ఆమాత్రం గ్రహించలేనా? స్టోర్ కీపరునైతే మాత్రం మనిషిని కానా? ఆ చువ్వలు పెట్టెలో సర్దింది నేనే. చిటికెన వేలంత కూడా లేవు, అప్పుడే అనుమానపడ్డాను. మీ అక్కకు ఏమీ చెప్పలేదు. గుండె దిటవు చేసుకో.

ఇట్లు,
మీ బావ

తా.క.: మా గేటు దగ్గర లారీలు రాసుకునే పని ఖాళీ అవుతోంది. నీ చదువు చాలదేమోనని మేనేజరు నసిగాడు. నేను ఒప్పిస్తాలే.

*

బావగారికి నమస్కారాలు.

నవ్వలేక చచ్చాను. తప్పు నాదే. ఇన్నేళ్ళు చదివి, పాడైపోవడమే మంచిదన్న ముక్క ఇంట్లోవాళ్ళకు చెప్పడం చేతకాలేదు. ఆ చువ్వలు పాడవ్వాలి బావగారూ. అవి సాగి ఊపునంతా మింగితే స్తంభాలు నిలబడతాయి, లోపలి మనుషులు ప్రాణాలతో బయటపడతారు. చువ్వలు తరవాత మార్చుకోవచ్చు. మీ ఇంట్లో ఫ్యూజు ఉందిగా, అచ్చం అదే. అది పోతేనే ఇల్లు దక్కుతుంది.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: లారీల ఉద్యోగం మాత్రం చెయ్యి జారనివ్వకండి.

*

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

ఫ్యూజు అన్నావు చూడు, ఇప్పుడు తలకెక్కింది. మా ఇంట్లో చినుకు పడితే చాలు, ఫ్యూజు పోయేది. విసుగెత్తి లావు రాగితీగ చుట్టాను. మళ్ళీ ఒక్కసారి పోతే ఒట్టు. నీ చువ్వల రోగానికీ అదే మందు. కొత్త నమూనా సామానులో బొటనవేలంత చువ్వలు సర్దాను. మేస్త్రీని పట్టుకుని అవి దూరే రంధ్రాలు కూడా వెడల్పు చేయించాను. ఇక నీ అతుకు నోరు తెరిస్తే నన్నడుగు.

ఇట్లు,
మీ బావ

తా.క.: పెద్దసారుకు నా సంగతి చెప్పకు. పేరంతా నీకే రావాలి.

*

బావగారికి,

మీ ఉత్తరం ఇవాళ అందింది. పరీక్ష నిన్ననే అయిపోయింది.

బల్ల ఊగింది. అతుకు ఉలకలేదు, పలకలేదు. చువ్వలు సాగకపోతే కొంప మునుగుతుందని ఊరందరికీ పాఠం చెప్పే నేను, అది చూసి చప్పట్లు కొట్టాను. అవి ఆగకముందే స్తంభాలు మొదలంటా విరిగాయి. పై అంతస్తు వచ్చి కింది అంతస్తు మీద కూర్చుంది. చువ్వలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

పెట్టె విప్పి చువ్వలు కొలవాల్సింది నేనే. పెట్టె మీద మీ చేతిరాత చూసి, బావ పంపాక కొలిచేదేమిటని కళ్ళు మూసుకుని సంతకం పెట్టేశాను. అందుకే మీ పేరు ఎత్తలేదు. పెద్దసారు సోమవారం రమ్మన్నారు. ఎందుకో తెలుసు. అక్కకు మీరే చెప్పండి, నాకు భయంగా ఉంది.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: ఆ లావు తీగ ముందు పీకేయండి.

*

చిరంజీవి బావమరిదికి,

ఇది నీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చేలోపే మా ఇంట్లో కరెంటు పెచ్చుమీరి ఫ్యాను, మిక్సీ, టీవీ వరసగా కాలిపోయాయి. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు. దాని ముందు నిలబడ్డాక గానీ నువ్వు చెప్పింది బుర్రకెక్కలేదు. ఇంత మొద్దుబుర్రకు స్టోరు తాళాలు ఎలా అప్పగించారో నాకే ఆశ్చర్యం.

ఇవాళ నీకంటే ముందే పెద్దసారు గదిలోకి వెళ్ళి, చువ్వలు మార్చింది నేనని చెప్పాను. ఎందుకు మార్చావని అడిగారు. "పిల్లాడు కష్టపడి చేసింది పాడవుతుందని తెలిసీ చూస్తూ ఎలా ఊరుకోమంటారండీ?" అన్నాను.

ఆయన, భూకంపాల గురించి ఇంత చదివాం గానీ బావల గురించి ఒక్క ముక్క చదవలేదన్నారు. నాలాంటి మంచివాడు ప్రతి సైటులోనూ ఒకడుంటాడట. ఇకమీద లావు చువ్వ దూరడానికి వీల్లేకుండా అతుకు గీయాలట. అది నువ్వే గీయాలి. నీకు మళ్ళీ పరీక్ష పెడతారు. సన్న చువ్వలకు కాపలా ఎవరనుకున్నావు? నేనే.

నీకు ముఖం చూపించలేక ఇది వాచ్‌మన్ చేతికిచ్చి బస్సెక్కుతున్నాను.

ఇట్లు,
మీ బావ

తా.క.: మీ అక్కకు అంతా చెప్పే బయల్దేరాను. ఈసారి చువ్వలు పాడైతే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదంటోంది. ముందే తేల్చి రాయి.